పేరు మార్చుకుంటే దండోరా ఎందుకు?

నా పాత పేరు ఈ వ్యాసంలో ఎక్కడా రాయను. కొత్త పేరు కూడా రాయను. చదివేవాళ్లలో ఒకరిద్దరికి రెండూ తెలిసే ఉంటాయి, వాళ్లతో నాకే ఇబ్బందీ లేదు. తెలియనివాళ్లకి తెలియాల్సిన పని లేదు. నా పాత పేరు ఎవరికి చెప్పాలో నేను చూసుకుంటాను అన్న ఇంత చిన్న సంగతిని మన చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో ఎలా లాక్కుంటోందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది రాజాం దగ్గర ఒక పల్లెటూరు. ఉద్యోగం విజయనగరంలో, ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు, మగవాడిగా బతుకుతున్నాను. ట్రాన్స్ మ్యాన్ అంటారు. మా వైపు ట్రాన్స్‌జెండర్ అనగానే జనానికి గుర్తొచ్చేది చీర కట్టుకుని రైల్లోనో సంతలోనో చప్పట్లు కొట్టేవాళ్లు. వాళ్ల బతుకూ సుఖంగా ఏం లేదు గానీ, కనీసం వాళ్లకి గురువులున్నారు, జమాత్ అనే సొంత కూటమి ఉంది, కష్టమొస్తే పదిమంది వస్తారు. నాలాంటివాళ్లం ఎక్కడెక్కడ ఉన్నామో మాకే తెలీదు. గొంతు మారి, మీసం వచ్చాక బజార్లో మమ్మల్ని ఎవరూ రెండోసారి చూడరు. టీ కొట్టు దగ్గర "ఏటి బాబూ, పంచదార తగ్గించాలా?" అంటారు, అంతే. మా గొడవంతా ఎవరైనా ఒక కాగితం చూపించమన్నప్పుడు మొదలవుతుంది.

ఇంకో మాట. శరీరం గురించి, ఏ ఆపరేషన్ చేయించుకున్నాను, ఏది చేయించుకోలేదు అన్నదాని గురించి ఇక్కడేమీ ఉండదు. అందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

చట్టం మాటకొస్తే, నేను దరఖాస్తు పెట్టేనాటికి రాతలో ఏ లోటూ లేదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం, తాను మగో ఆడో మూడో వర్గమో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని తేల్చింది. ఆపరేషన్ చేయించుకుంటేనే ఒప్పుకుంటామని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అని కూడా చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేశారు, 2020 జనవరి 10 నుంచి అమల్లో పెట్టారు, ఆ సెప్టెంబరులో రూల్స్ ఇచ్చారు.

నేను దరఖాస్తు పెట్టింది 2023లో. అప్పటి రూల్స్ ప్రకారం పోర్టల్లో ఒక ఫారం నింపి, నోటరీ అఫిడవిట్ జతచేస్తే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, 30 రోజుల్లో గుర్తింపు సర్టిఫికెట్ ఇవ్వాలి. డాక్టరు పరీక్ష ఉండకూడదు. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే బర్త్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి మిగతా గుర్తింపు కాగితాలన్నిటిలోనూ పేరు మార్చుకోవచ్చని ఏడో సెక్షన్లో రాశారు. కాగితం మార్చి ఇవ్వాల్సిన ఆఫీసులకి రూల్స్‌లో 15 రోజుల గడువు కూడా పెట్టారు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది.

అసలు సంగతి దరఖాస్తు కిందికి దిగాక తెలిసింది. వైద్య పరీక్ష వద్దన్నారు గానీ విచారణ వద్దనలేదు కదా అనుకున్నారో ఏమో, ఒక ఆఫీసు నుంచి ఒకాయన మా అమ్మవాళ్ల వీధికొచ్చారు. మా ఇల్లు దొరక్క పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఈ వీధిలో మగపిల్లాడిగా పేరు మార్చుకుంటున్న అమ్మాయి ఇల్లెక్కడండీ?" అని అడిగారట. ఆయన చెడ్డమనిషేం కాదు. ఇంటికొచ్చి, నీళ్లు తాగి, సంతకం పెట్టించుకుని, సర్టిఫికెట్ ఆగకుండా చూస్తానని చెప్పి, అన్నట్టే చూశారు కూడా. ఆ ప్రశ్న వీధిలో నిలబడి అడగకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. కలెక్టరు సంతకం చేసే పద్ధతి చట్టంలో ఉంది. ఆ సంతకానికి ముందు వీధిలో ఏం జరగకూడదో ఎక్కడా లేదు.

సర్టిఫికెట్ వచ్చింది, దాంతో ఆధార్‌లో పేరు మారింది. ఆధార్‌లో పేరు మారగానే పాన్‌తో చెడింది. రెండూ కలపాలంటే పేరు, పుట్టినతేదీ, లింగం మూడూ సరిపోవాలి. ఆ ఏడాది జూన్ 30 లోపు లింకు కాకపోతే పాన్ పనిచెయ్యదన్నారు, వెయ్యి రూపాయల అపరాధ రుసుము అప్పటికే ఉంది. మా ఆఫీసులో అందరి పాన్ లింకులూ నేనే చూస్తున్నాను, నాది మాత్రం అయ్యేలా లేదు. ఎలాగో అది అయింది. బ్యాంకు దగ్గర బండి ఆగిపోయింది. సర్టిఫికెట్ ఇచ్చాను, కొత్త ఆధార్ ఇచ్చాను, చట్టంలో ఆ సెక్షన్ ప్రింటు తీసి పసుపు రంగు గీత గీసి మరీ ఇచ్చాను. కౌంటర్లో ఆయన మర్యాదగానే చదివి, "మాకు సర్క్యులర్ రాలేదండి. పేరు మార్పంటే గెజిట్ కావాలి" అన్నారు. గెజిట్ అంటే ప్రభుత్వ ప్రకటనలు వేసే అధికార పత్రిక. అందులో పేరు మార్పు పడాలంటే అఫిడవిట్ కావాలి, పేపర్లో ప్రకటన కావాలి, ఒకటి ఇంగ్లిషులో, ఒకటి తెలుగులో. సర్టిఫికెట్ చాలని పార్లమెంటు చెప్పింది, చాలదని కౌంటర్ చెప్పింది. మన ఊళ్లలో ఎవరి మాట చెల్లుతుందో మీకు చెప్పక్కర్లేదు.

విజయనగరంలో ఇస్తే మా ఆఫీసులో ఎవరో ఒకరు చూస్తారని, ప్రకటన శ్రీకాకుళంలో ఇద్దామని వెళ్లాను. ఏడు రోడ్ల కూడలి దగ్గర్లో ఒక చిన్న దుకాణం. జిరాక్స్, లామినేషన్, పేపర్ యాడ్స్ అన్నీ ఒక్కచోటే. నా ముందు ఒక పెద్దాయన పొలం పాసు పుస్తకం పోయిందని ప్రకటన రాయించుకుంటున్నాడు. వెనక ఇద్దరు కుర్రాళ్లు హాల్ టికెట్లు ప్రింటు తీయించుకోడానికి నిలబడ్డారు. నా వంతొచ్చింది. కాగితం ఇచ్చాను. ఏజెంటు పాత పేరు చదివి, నన్ను చూసి, "మీ చెల్లెమ్మ రాలేదా బాబూ? సంతకం ఆవిడే పెట్టాలి" అన్నాడు.

చెల్లెమ్మని నేనే అని చెప్పాలి. గొంతు తగ్గించి చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నాడు, మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు, అందుకు ఈరోజుకీ ఆయనంటే గౌరవం. కానీ తర్వాత జరిగింది ఆయన చేతిలో లేదు. మేటర్ ఫోన్లో చదివి స్పెల్లింగు ఖాయం చేసుకోవాలి. ఫోను చెవికి పెట్టుకుని, అవతలివాళ్లకి సరిగ్గా వినిపించడం లేదని గట్టిగా, "నేను, అంటే పాత పేరు రాసుకోండి... కాదు, చివర దీర్ఘం ఉంది... ఫలానావారి కుమార్తె... ఇంటి నంబరు... ఇకపై ఫలానా పేరుతో, కుమారుడుగా... ఆఁ, కుమారుడే. తప్పు కాదు. కరెక్టే రాశాను" అని ఒక్కో అక్షరం చదివాడు. పాసు పుస్తకం పెద్దాయన తల తిప్పి చూశాడు. హాల్ టికెట్ల కుర్రాళ్లు ఫోన్లలోంచి తలెత్తారు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాను. చివర్లో ఏజెంటు చెప్పిన మాట: "మీ అడ్రసు విజయనగరం కదా, ఆ ఎడిషన్లోనే వస్తుంది బాబూ."

పేపర్ సంగతి కొంత నయం, మర్నాటికి మిరపకాయ బజ్జీల పొట్లం అయిపోతుంది. గెజిట్ అలా పోదు. కేంద్ర గెజిట్ అచ్చు వెయ్యడం 2015లోనే మానేశారు, అంతా ఎలక్ట్రానిక్. పాత రోజుల్లో గెజిట్ అంటే ఏదో లైబ్రరీ బీరువాలో దుమ్ము పట్టిన కట్ట. ఇవాళ అది ఇంట్లో కూర్చుని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగల పీడీఎఫ్. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, అన్నీ ఒకే వాక్యంలో, ప్రభుత్వ ముద్రతో. అద్దె ఇల్లు ఇచ్చేవాడు, ఉద్యోగం ఇచ్చేవాడు, పెళ్లి సంబంధం ఆరా తీసేవాడు, కక్ష కట్టినవాడు, అందరికీ ఒకటే తలుపు, దానికి గొళ్లెం లేదు.

ఇందులో మరో మెలిక ఉంది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు కదా, అది కాపాడుతుందేమో అని ఆశపడ్డాను. మూడో సెక్షన్ చదివితే ఆశ పోయింది. మనిషి తానే బయటపెట్టిన వివరాలకి గానీ, ఏదైనా చట్టం ప్రకారం బయటపెట్టాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు బయటపెట్టిన వివరాలకి గానీ ఆ చట్టం వర్తించదు. పేపర్లో ప్రకటన ఇచ్చింది నేను, గెజిట్‌లో వేసింది ప్రభుత్వం. రెండు విధాలా నేను రక్షణకి బయటే ఉన్నాను. నా చేత్తో నాకు డబ్బు ఖర్చు పెట్టించి మరీ ఒక గుట్టు బయటపెట్టించి, బయటపెట్టిన గుట్టుని ఎవరూ కాపాడక్కర్లేదని రాసుకున్నారన్నమాట.

అసలు ప్రకటన ఎందుకు అడుగుతారో నాకు తెలీక కాదు. అప్పు తీసుకుని పేరు మార్చుకుని పారిపోయేవాళ్లుంటారు. కేసుల్లో ఉన్నవాళ్లుంటారు. వారసత్వ తగాదాలుంటాయి. "ఈ మనిషి ఇకనుంచి ఈ పేరుతో ఉంటాడు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అని నలుగురికీ తెలియజెయ్యడం న్యాయమే, ఒకప్పుడు. పల్లెల్లో వేలంపాటకి దండోరా వేయించినట్టే ఇదీను. మనిషిని గుర్తుపట్టడానికి పేరు తప్ప వేరే ఆధారం లేని రోజుల్లో ఆ పద్ధతి పుట్టింది. ఇవాళ నా అప్పు నా పేరు మీద లేదు, నా పాన్ నంబరు మీద ఉంది. నా సిమ్ము, నా బ్యాంకు ఖాతా, నా గ్యాసు, మా అమ్మ రేషన్ కార్డు అన్నీ ఆధార్ నంబరుకి కట్టేసి ఉన్నాయి. నేను పేరు వందసార్లు మార్చినా ఆ అంకెలు మారవు, వేలిముద్ర మారదు. అప్పులవాడు నన్ను పట్టుకోవడానికి పక్కింటి పిన్నిగారికి నా సంగతి తెలియక్కర్లేదు. ప్రభుత్వానికి తెలియాలి, బ్యాంకుకి తెలియాలి. వాళ్లకి ఎలాగూ తెలుసు.

నేను పెద్ద విప్లవమేమీ అడగడం లేదు. ఇలా గుట్టుగా మార్చడం మన ప్రభుత్వానికి వచ్చు. పిల్లల్ని చట్టప్రకారం దత్తత తీసుకుంటే పెంచినవాళ్లనే తల్లిదండ్రులుగా చూపిస్తూ బర్త్ సర్టిఫికెట్ ఇస్తారు. దత్తత రికార్డులు గోప్యంగా ఉంచుతారు. ఆ పిల్లాడి గురించి ఎవరూ పేపర్లో వేయించరు. వేరే దేశాలవాళ్లు ట్రాన్స్‌జెండర్ల పేర్ల విషయంలోనూ ఇదే చేశారు. అర్జెంటీనా 2012లో చేసిన చట్టంలో పేపర్ ప్రకటన అక్కర్లేదని విడిగా రాసుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రం పేరు మార్పులకి పేపర్ ప్రకటన షరతుని 2021లో ఎత్తేసింది. బ్రిటన్‌లో 2004 చట్టం ప్రకారం, ఉద్యోగరీత్యా తెలిసిన ఇలాంటి సంగతిని అధికారి బయటికి చెబితే అది నేరం. అక్కడేమీ అప్పులవాళ్లందరూ పేర్లు మార్చుకుని మాయమైపోలేదు.

అంత దూరం ఎందుకు, మా రాజాం సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం తెల్లారేసరికి విజయనగరం జిల్లా అయింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. లక్షలమంది చిరునామాలు ఒక్కసారిగా తప్పైపోయాయి. మా అమ్మ ఆధార్ మీద ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అనే ఉంది. ఒక్క ఆఫీసులోనూ ఆమెని ఆపలేదు. మారింది ప్రభుత్వం చేత్తో కాబట్టి సర్దుకున్నారు.

మా అమ్మమ్మ సంగతి ఇంకా బాగుంటుంది. ఆవిడకి పుట్టింట్లో పెట్టిన పేరూ అత్తగారి పేరూ ఒకటే. అత్త పేరు పెట్టి కోడల్ని కేకెయ్యడం మా పల్లెల్లో కుదరదు, కాబట్టి కాపురానికి వచ్చిన రోజే వేరే పేరు పెట్టేశారు. ఓటరు కార్డులో ఒక పేరు, పాసు పుస్తకంలో ఇంకో పేరు, పింఛను దగ్గర రెండూ కలిపి కొట్టిన మూడో పేరు. రైతు భరోసా డబ్బుల దగ్గర పేచీ వస్తే, ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ రాయించాం. అయిపోయింది. అత్తవారు మార్చినా, గుమస్తా తప్పు కొట్టినా ఒక అఫిడవిట్‌తో సరిపోతుంది. మనిషి తన ఇష్టంతో మార్చుకుంటేనే పేపరూ గెజిట్టూ కావాలి.

ఇక టెన్త్ సర్టిఫికెట్. నాలాంటివాళ్లు ఇద్దరు కలిస్తే చివరికి మాట దీని దగ్గరికే వస్తుంది. పాస్‌పోర్టుకీ, ఉద్యోగానికీ, పుట్టినతేదీకి ఎక్కడ రుజువు అడిగినా మన రాష్ట్రంలో మొదట చెయ్యి చాపేది ఎస్సెస్సీ కాగితం కోసమే. అందులో పేరు, తండ్రి పేరు, కుమార్తె అన్న మాట, పుట్టినతేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కింద రెండు పుట్టుమచ్చలు. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, రాసేరోజు మా క్లాస్ టీచరు ఒక్కొక్కర్నీ బల్ల దగ్గరికి పిలిచి, చేతులు తిప్పి చూసి, మెడ వంచి చూసి, "ఇది మచ్చేనా, సిరా మరకా?" అని చీర కొంగుతో రుద్ది మరీ రాసుకున్నారు. ఒకటి కుడి మోచేతి కింద, ఇంకొకటి మెడకి ఎడమపక్క. ఆ రెండు మచ్చలూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని ఎక్కడ నిలబడినా నేనే ఆ మనిషినని నిరూపించడానికి చొక్కా చెయ్యి మడిస్తే చాలు. అయినా ఆ కాగితంలో పేరు మార్చమంటే, పరీక్ష రాసినప్పుడు ఉన్న పేరే ఉండాలి, రాతలో తప్పు దొర్లితేనే దిద్దుతాం అని జవాబు.

కోర్టులు ఈ వాదనని ఒప్పుకోవడం లేదు. 2021లో జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, పేరు మనిషి గుర్తింపులో భాగమని, సీబీఎస్ఈ దాన్ని మార్చడానికి వీలివ్వాలని చెప్పింది. కొందరి విషయంలో పాత పేరు అలాగే ఉంచితే వాళ్లకి కొత్త జీవితం లేకుండా పోతుందని కూడా ఆ తీర్పు గమనించింది. 2025లో మణిపూర్ హైకోర్టు డాక్టర్ బియోన్సీ లైష్‌రమ్ అనే ట్రాన్స్ మహిళ కేసులో ఆమె చదువు కాగితాలన్నీ కొత్త పేరుతో ఇమ్మంది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో వేరే సందర్భంలో, ట్రాన్స్ మహిళ స్త్రీయేనని, బిడ్డని కనలేదన్న కారణంతో కాదనడానికి లేదని చెప్పింది. ఇవన్నీ మంచి తీర్పులే. కాకపోతే ప్రతిదాని వెనకా ఒక మనిషి లాయరుని పెట్టుకుని, ఏళ్లు ఖర్చుపెట్టి, తన పేరు కేసు శీర్షికకి ఎక్కించుకున్న కథ ఉంది. ఒక్కొక్కళ్లూ ఇలా వెళ్లి తెచ్చుకోవాల్సిందైతే చట్టంలో సెక్షన్ ఎందుకు రాసినట్టు?

ఆఫీసు సంగతి క్లుప్తంగా చెబుతాను. పీఎఫ్ ఖాతాలో పేరు మారాలంటే అప్పట్లో జాయింట్ డిక్లరేషన్ మీద యాజమాన్యం సంతకం పెట్టాల్సి వచ్చేది. మా వైపు అప్పలనాయుడు అన్న పేరుని ఇంగ్లిషులో ఒక పితో, రెండు పిలతో, ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు, ఆ ఫారాలన్నీ నేనే నింపి పంపిస్తాను. నా ఫారం నేను నింపుకున్నాను. అది నా బల్ల మీంచి హెచ్‌ఆర్‌కి, అక్కణ్నుంచి మేనేజర్‌కి వెళ్లేలోపు మా అంతస్తులో తెలియనివాళ్లు లేరు. ఉద్యోగం పోలేదు. నా వెనక కూర్చునే ఆయన మాత్రం కుర్చీ మార్పించుకున్నాడు, ఏసీ గాలి పడటం లేదని.

ఇంతా చెబితే కొందరంటారు: "మీ ఊళ్లో అందరికీ తెలుసు, ఆఫీసులో తెలుసు, ఇంకేం ప్రైవసీ?" ఈ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు 2024 మే 13 నాటిది, ఓట్ల రోజు.

నా ఓటు మా ఊళ్లోనే ఉంది. దిద్దించడానికి పెట్టిన ఫారం అప్పటికి తెమలలేదు, జాబితాలో పాత పేరు, పాత ఫొటో. చేతిలో పాత ఓటరు కార్డూ కొత్త ఆధారూ రెండూ పట్టుకుని మగవాళ్ల వరసలో నిలబడ్డాను. బూత్‌లో మొదటి అధికారి ఓటరు పేరు పైకి చదవాలి, పార్టీల ఏజెంట్లు వాళ్ల జాబితాలో టిక్కు పెట్టుకుంటారు. ఆయన నా పాత పేరు చదివాడు, తలెత్తి నన్ను చూశాడు, మళ్లీ చదివాడు. ఆయన వేరే ఊరి నుంచి డ్యూటీకి వచ్చిన మనిషి, ఆయన తప్పేం లేదు. ఏజెంట్లలో నాకు పెదనాన్న వరసయ్యే ఆయన ఒకరున్నారు. "ఈడు మన గుంటడే బాబూ. మా తమ్ముడి కొడుకు. ఆ పేరు ఈడిదే, రానియ్యండి" అన్నారు. అవతలి పార్టీ ఏజెంటు కూడా తలూపాడు. ఆరోజు మొత్తమ్మీద వాళ్లిద్దరూ ఒక్కమాట మీద ఉన్నది అప్పుడే అనుకుంటాను. వేలికి సిరా పెట్టించుకుని, ఓటేసి వచ్చాను.

మా ఊరికి తెలియడం అంటే అదీ. పెదనాన్నకి నా పాత పేరు తెలుసు, నేను జ్వరంతో టెన్త్ పరీక్ష రాసిన సంగతీ తెలుసు, మా నాన్న పోయినప్పుడు పాడె మోసిందీ ఆయనే. ఆయనకి తెలిసినదంతా మనిషితో పాటు తెలిసింది. గెజిట్ పీడీఎఫ్ చూసే మనిషికి నా గురించి తెలిసేది ఆ ఒక్క వాక్యమే. మా ఊరివాళ్లకి తెలుసు కాబట్టి ఊరూ పేరూ లేనివాడికి కూడా తెలియాలి అనడం ఏం న్యాయం? ఇంకో సంగతి, తెలిసినవాళ్లందరూ పెదనాన్నలు కారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలుంటారు. వెతుక్కుంటూ వచ్చే అన్నలుంటారు. అలాంటివాళ్లకి కొత్త పేరూ కొత్త అడ్రసూ ఒకే వాక్యంలో రాసి ఇవ్వడం అంటే, దొరకబుచ్చుకోమని చెప్పడమే.

ఇందులో మాలోనే వేరే అభిప్రాయం ఉన్నవాళ్లున్నారు. విజయనగరంలో నాకు ఒక అక్క ఉంది, ట్రాన్స్ మహిళ. పేపర్లో తన ప్రకటన పడిన రోజు ఆవిడ ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంది. "నేనెందుకు దాక్కోవాల్రా? నా పేరు నలుగురూ చదవాలి" అంటుంది. సిరిమానోత్సవం నాడు కోట దగ్గర ఆవిడతో నడిస్తే అడుగడుక్కీ ఎవరో ఒకరు పేరు పెట్టి పలకరిస్తారు, ఆవిడ మొహం వెలిగిపోతుంది. ఆవిడని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఆవిడకి అది పండగ, నాకు శిక్ష. చట్టం ఇద్దరికీ చోటివ్వాలి కదా. ప్రకటించుకోవాలనుకున్నవాళ్లు ప్రకటించుకుంటారు, వాళ్లని ఎవరాపారు?

పేర్లు రాసిపెట్టడం అన్నదానికి మనవాళ్ల చరిత్రలో ఒక చేదు కూడా ఉంది. నిజాం రాజ్యంలో 1919 నాటి ఒక చట్టం ప్రకారం హిజ్రాల పేర్లూ నివాసాలూ ప్రభుత్వం రిజిస్టరులో రాసి ఉంచేది, వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి అది మనదాకా రాలేదు. తెలంగాణలో మాత్రం అది పుస్తకాల్లో అలాగే ఉండిపోయి, 2023 జులైలో గానీ హైకోర్టు కొట్టెయ్యలేదు. ఇప్పటి సర్టిఫికెట్ ఆ రిజిస్టరు లాంటిదని నేననను. ఇది హక్కు కోసం పెట్టింది, అది అనుమానంతో పెట్టింది. కానీ ట్రాన్స్‌జెండర్ అని రాసున్న కాగితాన్ని బ్యాంకులో, గ్యాసు ఏజెన్సీలో, సిమ్ము దుకాణంలో జిరాక్స్ తీసి ఇస్తూ పోతుంటే, ఆ జిరాక్సులన్నీ ఎవరి సొరుగుల్లో ఉన్నాయో అన్న టెన్షన్ రాత్రిళ్లు పట్టుకుంటుంది.

నాకు కావాల్సింది ఇది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని పేపర్ ప్రకటన, గెజిట్ అడగకూడదని రిజర్వ్ బ్యాంకూ, పరీక్షల బోర్డులూ, యూనివర్సిటీలూ ఒక్కో సర్క్యులర్ ఇవ్వాలి. కౌంటర్లో మనిషికి చట్టం కన్నా సర్క్యులరే కనిపిస్తుంది కాబట్టి అది చాలా అవసరం. పాత పేరుకీ కొత్త పేరుకీ లంకె ఒక్కచోట, అధికారి చూడాల్సివస్తేనే తెరిచేలా ఉండాలి, తెరిచినవాడి పేరు నమోదవ్వాలి. గెజిట్‌లో ఇప్పటికే పడిపోయినవాళ్ల ఇంటి నంబర్లు కనీసం నల్లగా కొట్టెయ్యాలి. అనవసరంగా బయటపెట్టిన ఉద్యోగి మీద చర్య ఉండాలి. ఇందులో ఏదీ ప్రభుత్వానికి ఖర్చుతో కూడినది కాదు. పేపర్లకి మాత్రం కొంత ఆదాయం తగ్గుతుంది.

టెన్త్ సర్టిఫికెట్ కోసం హైకోర్టులో రిట్ వేద్దామని ఈమధ్య ఒక లాయరుగారిని కలిశాను. కాగితాలన్నీ చూసి, కేసు గట్టిగానే ఉందన్నారు. పిటిషనర్ పేరు దగ్గర కొత్త పేరు రాసి, అలియాస్ అని పాత పేరు రాయాలన్నారు. కాజ్ లిస్టు, అంటే ఆరోజు విచారణకొచ్చే కేసుల జాబితా, రోజూ కోర్టు వెబ్‌సైట్లో పెడతారు, అందులో రెండు పేర్లూ పడతాయి. పడకుండా చెయ్యలేరా అని అడిగాను. చెయ్యొచ్చట, పేర్లు దాచమని విడిగా ఇంకో పిటిషన్ వెయ్యాలి, ముందు దాని మీద వాదనలు జరగాలి. దాని ఫీజు వేరే అని చెప్పి, వకాల్తా కాగితం నా ముందుకి జరిపారు.